ఎలుకలు దాచిన అడవి గింజల జాడ పట్టడం ఎలా?

అడవి చెట్ల గింజలను ఎలుకలు ఎంత దూరం మోసుకెళ్తాయో, వాటిలో ఎన్నింటిని తిని ఎన్నింటిని మట్టిలో దాచి వదిలేస్తాయో అధ్యయనం చేస్తున్నాను. అలా మిగిలిపోయిన గింజలే మొలకెత్తే అవకాశం ఉంది కనుక ఈ లెక్క నాకు చాలా ముఖ్యం. గింజకు సన్నని తీగతో ప్లాస్టిక్ చీటీ కడితే జాడ సులువుగా దొరుకుతుంది గానీ, మట్టిపైన కనిపించే ఆ చీటీయే వేరే ఎలుకలకు ఆనవాలవుతుందేమోనని నా అనుమానం. పరారుణ కెమెరాలో ఒక ఎలుక గింజను ముందు కాళ్లతో తిప్పి చూసి, తీగను కాసేపు కొరికి, చివరకు అక్కడే వదిలేయడం కనిపించింది. అతినీలలోహిత కాంతిలో మెరిసే పొడి వాడదామంటే వానకు నిలవదు. చిన్న గింజలకు, ఎలుక ప్రవర్తనను మార్చని గుర్తు ఏది వాడాలో, చీటీ ప్రభావాన్ని విడిగా ఎలా కొలవాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.