అమెరికా కన్‌స్ట్రక్షన్ రంగం: పని ఉంది, మరి మనుషులు?

ఆర్లింగ్టన్_సివిల్:
అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో ఎం.ఎస్. అయిపోతుంది. రూమ్మేట్లంతా సాఫ్ట్‌వేర్ వైపే. "నువ్వూ మారిపోరా" అని ఇంటి నుంచి రోజూ ఫోన్. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, ఇక్కడ నిలదొక్కుకోవచ్చా?

హ్యూస్టన్_ఎస్టిమేటర్:
తమ్ముడూ, పనికి కొదవ లేదు. 2021 నవంబర్‌లో వచ్చిన ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టమే 1.2 లక్షల కోట్ల డాలర్లది. మరుసటి ఏడాది కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలకు డబ్బిచ్చే చిప్స్ చట్టం, ఇప్పుడు డేటా సెంటర్లు. నా టెన్షన్ అంతా ధరలతోనే. 2021 మేలో కలప వెయ్యి బోర్డ్ ఫీట్లు (ఇక్కడ కలప కొలత) 1,600 డాలర్లు దాటింది. అంతకు ఏడాది ముందు అందులో మూడో వంతు కూడా లేదు. స్టీల్ మీద సుంకం 2018లో 25 శాతం, 2025 జూన్‌లో 50 శాతం. పాత రేటుతో ఒప్పుకున్న ఒక స్కూల్ బిల్డింగ్ పనిలో మేం బాగా నష్టపోయాం. అప్పటి నుంచి కొటేషన్ 30 రోజులే చెల్లుతుందని రాసి ఇస్తున్నాం.

ఫిల్లీ_బ్రిడ్జి:
ఈ దేశంలో పని ఎలా జరగగలదో నేను 2023లో చూశాను. జూన్ 11న పెట్రోల్ ట్యాంకర్ తగలబడి మా ఫిలడెల్ఫియాలో ఐ-95 హైవే వంతెన ఒకటి కూలింది. రోజుకు లక్షన్నరకు పైగా బండ్లు తిరిగే దారి. పాత గాజుతో చేసిన తేలికపాటి కంకరతో ఆ ఖాళీని నింపి, దానిమీద తాత్కాలికంగా రోడ్డు వేశారు. యూనియన్ కార్మికులు రాత్రింబవళ్లు షిఫ్టుల్లో పనిచేశారు. వాన అడ్డొస్తే కార్ల రేస్ ట్రాక్‌ను ఆరబెట్టే యంత్రాన్ని తెప్పించారు. 12 రోజుల్లో ట్రాఫిక్ వదిలారు! పని జరిగినన్నాళ్లూ లైవ్ కెమెరాలో చూస్తూనే ఉన్నాను. అదే మామూలు రోజుల్లో ఒక చిన్న కల్వర్ట్ పర్మిట్ కోసం మా టీమ్ పద్నాలుగు నెలలు ఆగింది. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఫీనిక్స్_ఫీల్డ్:
అసలు కరువు చేతిపని వాళ్లకు. 2008 ఆర్థిక మాంద్యం దెబ్బకు ఈ రంగంలో 20 లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయి. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. మా ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌కు 62 ఏళ్లు. ఆయన దిగిపోతే ఆ పని తెలిసినవాళ్లు మా సైట్‌లో లేరు. దేశం మొత్తం మీద ఈ రంగం కార్మికుల్లో నలుగురిలో ఒకరు వలస వచ్చినవారే. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో ఓడ తగిలి కీ బ్రిడ్జి కూలినప్పుడు, దానిమీద గుంతలు పూడుస్తూ చనిపోయిన ఆరుగురూ మెక్సికో, సెంట్రల్ అమెరికా నుంచి వచ్చినవాళ్లే. ఏటా వెయ్యి మందికి పైగా ఈ పనిలోనే ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు, కారణాల్లో అన్నిటికంటే ముందున్నది పైనుంచి పడటమే. ఆరడుగులు దాటితే రక్షణ ఉండాలని ఓషా (కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన. అయినా మా సైట్‌లోనే ఒక కుర్రాడు హార్నెస్ (పడకుండా ఆపే బెల్టు) తగిలించకుండా కప్పు అంచున నడవడం చూశాను. అరిచాను. అతనికి స్పానిష్ తప్ప రాదు, నా ఇంగ్లిష్ అర్థం కాలేదు. పక్కవాడు పరిగెత్తుకెళ్లి ఆపాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

న్యూజెర్సీ_పీఈ:
ఆర్లింగ్టన్ తమ్ముడూ, చదువు ముగిసేలోపే ఎఫ్.ఈ. (ఇంజనీర్ లైసెన్స్‌కు మొదటి మెట్టు) పరీక్ష రాసేయి. తర్వాత తీరిక దొరకదు. వీసాకు స్పాన్సర్ చేస్తారో లేదో ఇంటర్వ్యూలోనే అడుగు. చిన్న కాంట్రాక్టర్లు చాలామంది చెయ్యరు.

ఆర్లింగ్టన్_సివిల్:
అందరికీ కృతజ్ఞతలు. ఎఫ్.ఈ.కి ఈ రోజే ఫీజు కట్టేశాను. ఫీనిక్స్ అన్నా, స్పానిష్ ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఫీనిక్స్_ఫీల్డ్:
"కుయిదాదో" దగ్గర. జాగ్రత్త అని అర్థం. ఆ రోజు నాకు రానిది ఆ ఒక్క మాటే.