ట్విస్ట్ కోసం కాదు, వాక్యం కోసం చదివే థ్రిల్లర్లు చెప్పండి

నైట్‌ల్యాంప్: ఈ మధ్య వరసగా చదివిన థ్రిల్లర్లన్నీ ఒకే మనిషి రాసినట్టున్నాయి. చాప్టర్ చివర ఒక షాక్, మళ్లీ చాప్టర్, మళ్లీ షాక్. మూసేశాక ఒక్క వాక్యం గుర్తుండదు. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా ఇంకోసారి చదవాలనిపించేవి కావాలి. తెలుగైనా ఇంగ్లిషైనా సరే.

కాకినాడ రీడర్: డాషెల్ హామెట్ ‘ద మాల్టీస్ ఫాల్కన్’ (1930). ఆయన పింకర్టన్ ఏజెన్సీలో నిజంగానే డిటెక్టివ్‌గా పనిచేశాడు, రాతలో కూడా కంటికి కనబడిందీ చెవికి వినబడిందీ తప్ప ఇంకేమీ పెట్టడు. పార్ట్‌నర్‌ని ఎవరో చంపేశారని డిటెక్టివ్ శామ్ స్పేడ్‌కి అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. లేచి కూర్చుని సిగరెట్ చుట్టుకుంటాడు, పొగాకు ఎలా సర్దాడో, వేళ్లు ఎలా కదిలాయో ఒక పేరా నిండా ఉంటుంది గానీ బాధపడ్డాడా లేదా అన్నది ఒక్క ముక్క కూడా ఉండదు. పుస్తకం మొత్తం అంతే, ఎవరి మనసులోకీ వెళ్లనివ్వడు, అందుకే చివరిదాకా స్పేడ్‌ని కూడా పూర్తిగా నమ్మలేం.

రైలుబండి: హామెట్ నాకు మరీ పొడిగా ఉంటాడండి. రేమండ్ చాండ్లర్ ‘ద బిగ్ స్లీప్’ (1939) చూడండి. కథలో పట్టు తక్కువే, అందులో కారు డ్రైవర్‌ని చంపిందెవరని సినిమా తీసేవాళ్లు అడిగితే తనకూ తెలియదన్నాడు రచయిత! అయినా కథ చెప్పే డిటెక్టివ్ మార్లో మాట్లాడుతుంటే వింటూ కూర్చోవచ్చు. మొదట్లోనే ఆర్కిడ్లు పెంచే గాజు ఇంట్లో ముసలి జనరల్‌ని కలిసే సీన్ ఉంది, ఆ ఉక్కపోత మనకి పడుతుంది.

హన్మకొండ: తెలుగు సంగతి ఎవరూ ఎత్తరేం? కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదవండి. పొట్టి వాక్యాలు, సగానికి పైగా సంభాషణలే.

రైలుబండి: అది వేగం కదా, శైలి అంటారా?

హన్మకొండ: ఎందుకనకూడదు? ఏది వదిలెయ్యాలో తెలిస్తేనే ఆ వేగం వస్తుంది. పూర్తిగా వేరే రకం కావాలంటే యండమూరి గారి ‘తులసిదళం’. చేతబడి అని ఒకచోట, కాదు, దీనికి వైద్యంలో జవాబుంది అని ఇంకోచోట, రెండు గొంతులూ సమానంగా నమ్మిస్తాయి. నాకు భయం అక్కడ పుట్టింది, క్షుద్రపూజల వర్ణనలో కాదు.

డాలస్ తెలుగు: పాట్రీషియా హైస్మిత్ ‘ద టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ’ (1955). హత్య చేసింది ఎవరో మన కళ్లముందే ఉంటుంది, దాచేదేమీ లేదు. కానీ ఆవిడ ఎంత మామూలుగా, ఎంత చల్లగా ఆ హంతకుడు టామ్ రిప్లీ పక్కనే నడిపిస్తుందంటే పోలీసులు తలుపు తట్టినప్పుడల్లా వాడు దొరక్కూడదని మనకే టెన్షన్. ఆ తర్వాత ఓపికుంటే జేమ్స్ ఎల్‌రాయ్ ‘వైట్ జాజ్’ (1992), వాక్యాలని ఎముకలు మిగిలేదాకా చెక్కేశాడు. మొదటి యాభై పేజీలు కష్టం, చెవి అలవాటుపడితే వదల్లేరు.

నైట్‌ల్యాంప్: ముందు హైస్మిత్ తీసుకుంటున్నా. కొనేముందు శైలి ఎలా పసిగడతారు మీరు?

కాకినాడ రీడర్: మొదటి పేజీ చూడకండి, అది అందరూ చెక్కే రాస్తారు. మధ్యలో ఏమీ జరగని పేజీ తియ్యండి, ఎవరో టీ తాగుతూనో బస్సు కోసం చూస్తూనో ఉన్న చోటు. అక్కడ కూడా చదివించిందా, కొనెయ్యండి.