సెషన్ బీన్: యూజర్ ఒక్కడే, ట్యాబ్‌లు రెండు. తప్పెవరిది?

కొత్తబ్యాచ్: మాది జేఎస్‌ఎఫ్ (జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్. లోన్ దరఖాస్తు పేజీ బీన్‌కి, అంటే ఫారంలో నింపినవి పట్టి ఉంచే జావా ఆబ్జెక్ట్‌కి, సెషన్ స్కోప్ పెట్టారు. అంటే యూజర్ సెషన్ ఉన్నంతసేపూ అదే బీన్. ఒకే యూజర్ రెండు ట్యాబ్‌లలో రెండు దరఖాస్తులు తెరిచి, మొదటి ట్యాబ్‌లో సేవ్ కొడితే ఆ వివరాలు రెండో దరఖాస్తు మీద పడుతున్నాయి. వ్యూ స్కోప్‌కి (తెరిచిన ఒక్కో పేజీకి వేరే బీన్) మార్చేయనా?

పాతకాపు: అక్కర్లేదు. సెషన్ బీన్ యూజర్‌కొకటి. జేఎస్‌ఎఫ్ కంటే ముందున్న జేఎస్‌పీ యూజ్‌బీన్ కాలం నుంచి ఇలాగే నడిపాం. ఒకరి డేటా ఇంకొకరికి వెళ్తోందంటే ఎవరో స్టాటిక్ వేరియబుల్ (యూజర్లందరికీ కలిపి ఒకటే ఉండేది) పెట్టుంటారు, వెతకండి.

రాత్రిడ్యూటీ: ఒకరిది ఇంకొకరికి వెళ్తోందని ఎవరన్నారండీ? ఉన్నది ఒక్క యూజరే. ఏ ట్యాబ్ నుంచైనా బ్రౌజర్ పంపే, సెషన్‌ని గుర్తుపట్టే జేసెషన్‌ఐడీ కుకీ ఒకటే, కాబట్టి బీనూ ఒకటే. రెండో ట్యాబ్ తెరవగానే ఆ బీన్‌లోని దరఖాస్తు నంబర్ మారిపోతుంది. లాగిన్ వివరాలు, భాష లాంటివి సెషన్‌లో ఉంచండి. ఫారం ఉంచకండి.

మౌనస్వామి: సెషన్‌స్కోప్డ్ ఇంపోర్ట్ ఏ ప్యాకేజీదో చూశావా తమ్ముడూ? సీడీఐ (జావాలో బీన్‌లను సృష్టించి చూసుకునే వ్యవస్థ) నేమ్‌డ్ గుర్తు పక్కన పాత జేఎస్‌ఎఫ్ సెషన్‌స్కోప్డ్ పెడితే ఆ బీన్ సెషన్‌లోనే ఉండదు.

కొత్తబ్యాచ్: చూశాను అన్నా, సీడీఐదే.

పాతకాపు: స్టాటిక్ లేదని రుజువు చేయండి ముందు.

రాత్రిడ్యూటీ: మళ్లీ స్టాటిక్కేనా! మా పాత ప్రాజెక్టులో ఇదే గొడవ. తెల్లవారుజామున ఫోన్ చేసి నిద్ర లేపేవాళ్లు, ఎవరి దరఖాస్తులో ఎవరి జీతం పడిందో చేత్తో సరిచేశాను. రాసినవాళ్లు హాయిగా పడుకున్నారు.

పాతకాపు: రాసినవాళ్లంటే మాలాంటి వాళ్లమేగా? సూటిగానే అనండి. మూడు పేజీల ఫారం అది. వ్యూ స్కోప్ పెడితే రెండో పేజీకి వెళ్లగానే బీన్ పోతుంది. తిరిగి రాసేదెవరు? రాశాక టెస్టింగ్‌కి రోజులెవరిస్తారు? రెండు ట్యాబ్‌లు తెరవొద్దని పేజీలో ఒక లైను రాస్తే పోయేదానికి!

రాత్రిడ్యూటీ: అదీ, ఇప్పుడు బయటికొచ్చింది. మీ భయం స్కోప్ గురించి కాదు, ఆ కోడ్ ముట్టుకోవడం గురించి. కౌంటర్లో కూర్చున్న మనిషి రెండు దరఖాస్తులు పక్కపక్కన పెట్టి చూడాల్సిందే, అది వాళ్ల పని. మన సౌకర్యం కోసం వాళ్లని ఆపుతామా?

పాతకాపు: గడువు మీద సంతకం పెట్టేది నేను. మీరు కాదు.

మౌనస్వామి: పేజీలు మూడైతే కాన్వర్సేషన్ స్కోప్ ఉందిగా, బిగిన్ నుంచి ఎండ్ దాకా పేజీలు మారినా బీన్ పోదు. మొదటి పేజీలో బిగిన్, సేవ్ అయ్యాక ఎండ్. ఒక్కో దరఖాస్తుకి వేరే సీఐడీ (కాన్వర్సేషన్ గుర్తింపు) వస్తుంది.

కొత్తబ్యాచ్: ఆ ఒక్క బీన్‌కే పెట్టి చూస్తాను. పాతకాపు గారూ, టెస్టింగ్‌కి ఎన్ని రోజులు అడగమంటారు?

పాతకాపు: అడుగు. ఇవ్వరు.