30 అంగుళాల బేస్‌కి లాంగ్ స్కేల్ స్ట్రింగ్స్ కోసి వేయొచ్చా?

కొత్త_బేసిస్ట్:
నాది 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ గిటారు (తీగ మోగే పొడవు 30 అంగుళాలు, లాంగ్ స్కేల్‌లో 34). పెగ్గులు (తీగలు బిగించే మరలు) నాలుగూ ఒకే వరసలో ఉన్నాయి. దాంతోపాటు వచ్చిన తీగల్లో నాలుగోది, అంటే అన్నిటికన్నా లావుది, మరీ వదులు. కాస్త గట్టిగా మీటితే ఫ్రెట్లకు (మెడ మీది లోహపు పట్టీలకు) కొట్టుకుని గరగరమంటోంది. షాపులో ఉన్నది లాంగ్ స్కేల్ 45-105 సెట్ (సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఒక్కటే, షార్ట్ స్కేల్ సెట్ కావాలంటే ఆర్డర్ పెట్టి ఆగాలట. పొడుగు తీగలు కోసి వేస్తే బిగువు కూడా పెరుగుతుందంటున్నారు. నిజమేనా? వేయొచ్చా, వద్దా?

పెగ్_మెకానిక్:
వేయొచ్చు. రౌండ్‌వౌండ్ (పైన గుండ్రటి తీగ చుట్టినది) అయ్యుండాలి, లోపలి కోర్ ఆరు పలకలది అయ్యుండాలి, అంతే. పలకల అంచులు పైచుట్టును కరుచుకుని ఉంటాయి కాబట్టి కోసినా జారదు. గుండ్రటి కోర్ అయితే మాత్రం కత్తెర దగ్గరికి రానీయకండి.

తీగను బ్రిడ్జిలోంచి (ఒంటి మీద తీగలు ఆనే భాగం) ఎక్కించి బిగుతుగా లాగి పట్టుకోండి. తన పెగ్ దాటాక 10 సెం.మీ. వదిలి, ప్లయర్‌తో నిటారుగా 90 డిగ్రీలు వంచండి. వంపు తర్వాత ఒక సెంటీమీటరు ఉంచి అక్కడ కోయాలి. ముందు వంచాలి, తర్వాతే కోయాలి. వంచకుండా కోస్తే కోర్ లోపల తిరిగిపోయి పైచుట్టు వదులవుతుంది, ఇక ఆ తీగ మొద్దుగా మోగడం తప్ప ఏమీ చేయదు. వంచిన కొసను పోస్ట్ నడిమి రంధ్రంలోకి దించి, చుట్లు పైనుంచి కిందికి వచ్చేలా తిప్పండి. నాలుగో తీగకు రెండు చుట్లు, సన్నవాటికి మూడు వస్తాయి.

లెక్కల_గిటారు:
కోయడం సంగతి తర్వాత. బిగువు పెరుగుతుందన్న మాట పూర్తిగా తప్పు. బిగువును నిర్ణయించేవి మూడే: మోగే పొడవు, తీగ బరువు, స్వరం. మోగే పొడవంటే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ళ పట్టీ) నుంచి శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) దాకా. నట్ అవతల ఎంత మిగిలినా ఒకటే. అదే తీగను అదే స్వరానికి బిగిస్తే బిగువు పొడవు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 30ని 34తో భాగించి వర్గం చేస్తే 0.78. అంటే లాంగ్ స్కేల్ మీద 18 కిలోల బిగువున్న తీగ మీ బేస్ మీద 14 కిలోలే. ఐబనేజ్ మైక్రో లాంటి 28.6 అంగుళాల వాటి మీద 12.7కి దిగుతుంది. 105 వేస్తే కాస్త మెరుగు ఉండొచ్చు, అదైనా ఇప్పుడున్నది అంతకన్నా సన్నగా ఉంటేనే. ఆ మెరుగు మందంవల్ల వచ్చేదే, పొడుగు తీగ కోసినందుకు కాదు.

సిల్క్_రావు:
పెగ్_మెకానిక్ గారూ, మీరు చెప్పిన పద్ధతి ఒకటో తీగకు సరే, నాలుగో తీగకు ప్రమాదం. నాలుగు పెగ్గులూ ఒకే వరసలో ఉన్న హెడ్‌స్టాక్ (పెగ్గులుండే మెడ కొస) మీద నాలుగో తీగ పెగ్ నట్‌కి అన్నిటికన్నా దగ్గర, ఒకటోది అన్నిటికన్నా దూరం. అంటే లావుపాటి తీగ పూర్తి మందంతోనే పోస్ట్ చుట్టూ తిరగాలి. 105 అంటే 2.67 మి.మీ. షార్ట్ స్కేల్ సెట్లో ఆ చోటికి వచ్చేసరికి తీగ సన్నబడుతుంది, చాలావాటికి పైన సిల్క్ దారం కూడా ఉంటుంది. కోసిన తీగకు ఆ సౌకర్యం లేదు. అంత మందాన్ని ఇరుకు పోస్ట్‌కి చుడితే పైచుట్టు విచ్చుకుంటుంది. ఒక్కోసారి మొదటి రోజు బాగానే ఉండి, వారం తిరక్కుండా శబ్దం చచ్చిపోతుంది. చిన్న బేస్‌లకు పెట్టే చిన్న పెగ్గుల్లో పోస్ట్ చీలికలోకి తీగ అసలు దిగకపోవచ్చు. కోసే ముందు వెర్నియర్‌తో ఆ చీలిక కొలవండి.

పెగ్_మెకానిక్:
చీలిక కొలవమన్నది ఒప్పుకుంటా. కానీ భయం నాలుగో తీగకే, మహా అయితే మూడో తీగకు. 45, 65 తీగలు పూర్తి మందంతో చుట్టినా ఏమీ కాదు. అందుకే నా మాట: సన్నవి రెండూ లాంగ్ స్కేల్ సెట్లోవి వేసుకుని, లావువి రెండూ షార్ట్ స్కేల్ సింగిల్స్ (విడి తీగలు) తెప్పించుకోవచ్చు.

సిల్క్_రావు:
రెండు సింగిల్స్ తెప్పించేవాడు సెట్టే తెప్పించుకుంటాడు కదండీ.

లెక్కల_గిటారు:
సెట్ తెప్పించినా 'షార్ట్ స్కేల్' అన్న పేరు చూసి కొనేయొద్దు. టేపుతో రెండు కొలతలు తీయండి: బాల్ (తీగ కింది కొసనుండే గుండు) ఆనే చోటు నుంచి నట్ దాకా ఒకటి, అక్కడి నుంచే ఆ తీగ పెగ్ పోస్ట్ దాకా ఇంకొకటి. తీగ సన్నబడే చోటు ఈ రెండింటి మధ్య పడాలి. నట్ ఇవతలికి వస్తే సన్నబడిన భాగమో సిల్కో మోగే పొడవులోకి చొరబడుతుంది, ఇక స్వరం కుదరదు. పోస్ట్ అవతలికి పోతే రావు గారు చెప్పిన బాధ. తీగలు వెనక నుంచి ఒళ్ళు తొలిచి వచ్చే మస్టాంగ్ లాంటి బేస్‌లలో బాల్ వెనక ఉంటుంది కాబట్టి మొదటి కొలతకు అంగుళం పైనే చేరుతుంది. 30 అంగుళాల స్కేలే అయినా వాటికి చాలాసార్లు మీడియం స్కేల్ సెట్ పడుతుంది. బీటిల్స్ మెకార్ట్నీ వాయించే హాఫ్నర్ 500/1 తరహా వయొలిన్ బేస్‌లలో తీగ టెయిల్‌పీస్ నుంచి మొదలవుతుంది, అక్కడ ఇంకా ఎక్కువ.

ఫ్లాట్‌వౌండ్_మామ:
హాఫ్నర్ తరహా వాటికి ఇంకో సంగతి. బ్రిడ్జి అంటించి ఉండదు, తీగల బిగువే దాన్ని పట్టుకుని ఉంచుతుంది. నాలుగూ ఒకేసారి విప్పితే జారిపోయి ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్‌లో స్వరం కుదరడం) మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్కొక్కటిగా మార్చండి.

ఇక కోసే మాట. ఫ్లాట్‌వౌండ్‌ని పూర్తి మందం దగ్గర కోసి చుట్టకండి. పైన ఉన్నది పట్టీలాంటి రేకు, మడత దగ్గర విరుగుతుంది, లేదా మెట్లుమెట్లుగా లేస్తుంది. కానీ మీ అసలు గొడవ వదులు కదా, దానికి మందు కూడా ఫ్లాట్‌లోనే ఉంది. రౌండ్‌లో చుట్ల మధ్య ఉండే సందులు ఫ్లాట్‌లో దాదాపు ఉండవు, కాబట్టి అదే గేజ్‌కి (మందానికి) సాధారణంగా బరువెక్కువ, బిగువెక్కువ. డాడారియో క్రోమ్స్ షార్ట్ స్కేల్ 45-100 రౌండ్ 45-100 కన్నా గట్టిగానే ఉంటుంది. థొమాస్టిక్ జాజ్ ఫ్లాట్స్ మాత్రం మినహాయింపు, అవి కావాలనే మెత్తగా చేసినవి. మీ అవసరానికి పనికిరావు.

స్లాప్_సీను:
ఫ్లాట్ వేస్తే ఆ కంచు మోత ఏమైపోవాలి మామా? స్లాప్ చేసేవాడికి (బొటనవేలితో తీగను కొట్టి వాయించేవాడికి) దుప్పటి కప్పినట్టే. రౌండ్‌లోనే మందం పెంచితే సరి. 34ని 30తో భాగిస్తే 1.13, గేజ్‌ని దాంతో గుణిస్తే లాంగ్ స్కేల్ బిగువు వచ్చేస్తుంది. 105కి బదులు 119, 45కి బదులు 51.

లెక్కల_గిటారు:
కాగితం మీద మీ లెక్క కరెక్టే సీనూ. చేతిలోకి వచ్చేసరికి 119 తీగ కర్రలా ఉంటుంది. పొట్టి తీగలో మొండితనం ఇంకా బాగా తెలుస్తుంది: మూలస్వరంతో కలిసి మోగే పై స్వరాలు కొద్దికొద్దిగా హెచ్చుతూ పోయి మూలస్వరం మసకబారుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం హార్మోనిక్ (అక్కడే నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కన్నా హెచ్చుగా వస్తుంటే శాడిల్‌ని వెనక్కి జరపాలి. ఎంత మందమైతే అంత వెనక్కి. చిన్న బ్రిడ్జిలో స్క్రూ అయిపోతుంది, స్వరం మాత్రం ఇంకా హెచ్చుగానే ఉంటుంది. రెండు తీగలకు ఒకే శాడిల్ ఉన్న బ్రిడ్జి అయితే ఆశ వదులుకోండి.

నా ఓటు 50-70-85-105 షార్ట్ స్కేల్ రౌండ్‌కి. 45-100 కన్నా ఒక్క మెట్టు పైన, అక్కడ ఆపేయాలి. నాలుగో తీగ శాడిల్ దగ్గర సన్నబడే రకం దొరికితే ఇంకా మేలు, స్వరం తేటగా వస్తుంది.

స్లాప్_సీను:
105 దగ్గర ఆగమంటే ఆగుతా. కానీ 100కీ 105కీ బిగువులో వచ్చే తేడా పదో వంతే. ఉన్నది వదులని ఏడుస్తున్నవాడికి అది చాలుతుందా?

లెక్కల_గిటారు:
లాంగ్ స్కేల్ బిగువు రాదు, నిజమే. షార్ట్ స్కేల్ కొన్నాక ఆ బిగువే కావాలంటే కష్టం. మిగతాది యాక్షన్‌తో (ఫ్రెట్ల మీద తీగల ఎత్తుతో) సరిచేసుకోవాలి.

సిల్క్_రావు:
యాక్షన్ కన్నా ముందు నెక్ చూడాలి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, నడుమ సందు 0.3 మి.మీ. దగ్గర ఉందో లేదో చూడండి. సందే లేకపోతే ఏ తీగ వేసినా గరగర పోదు. ట్రస్ రాడ్‌ని (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీని) ఒకసారికి పావు తిప్పే, మళ్ళీ ట్యూన్ చేసి చూడండి. మందం పెంచితే నట్ గాడి కూడా చూడాలి. 100కి కోసిన గాడిలో 105 ఇరుక్కుంటే ట్యూన్ చేసేటప్పుడు టిక్కుమని శబ్దం చేస్తూ దూకుతుంది. గాడి తీగకన్నా ఒక వెంట్రుకవాసి వెడల్పుంటే చాలు. లోతు పెంచకండి, పెరిగిందా ఓపెన్ స్వరమే గరగరమంటుంది.

కొత్త_బేసిస్ట్:
కొలిచాను. బాల్ నుంచి నట్ దాకా 31.5 అంగుళాలు, నాలుగో పెగ్ పోస్ట్ దాకా 34. పోస్ట్ చీలిక 2.5 మి.మీ. నెక్ సందు దాదాపు లేదు, తీగ ఫ్రెట్‌కి ఆనినట్టే ఉంది.

పెగ్_మెకానిక్:
2.5 చీలికలోకి 2.67 దిగదు, కోసే మాట ఇక వదిలేయండి. 31.5కీ 34కీ మధ్య సన్నబడే సెట్ చూసుకోండి. ఆర్డర్ వచ్చేలోపు ట్రస్ రాడ్ పావు తిప్పు వదులు చేసి, ఉన్న తీగలతోనే వాయించి చూడండి. మీ గరగరలో సగం దానిదే అయ్యుండొచ్చు.