సెప్టెంబరులో గల్ఫ్ తీరాన క్యాబిన్ తీసుకోవచ్చా, కూడదా?

అట్లాంటా ఆరుగురం:
మా అమ్మానాన్నలు కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. సెప్టెంబరు నెలాఖరుకు వారి తిరుగు ప్రయాణం. ఈలోగా అలబామాలోని గల్ఫ్ షోర్స్ దగ్గర ఒక క్యాబిన్‌లో నాలుగు రాత్రులు ఉండి రావాలని నా ఆలోచన. మాకు కారులో దాదాపు ఆరు గంటల దారి. లేబర్ డే (సెప్టెంబరు తొలి సోమవారం సెలవు) దాటగానే రద్దీ తగ్గిపోతుంది గనుక, జూలైలో అడిగిన అద్దెలో సగానికి కాస్త పైన మాత్రమే ఇప్పుడు అడుగుతున్నారు. మా ఆవిడ మాత్రం హరికేన్ల నెలలో పెద్దవాళ్లనూ పిల్లలనూ సముద్రపు ఒడ్డున పడుకోబెడతారా అని నిలదీస్తోంది. మా ఇద్దరి వాదన తెగడం లేదు. వెళ్లి వచ్చినవారు, వెళ్లవద్దనుకున్నవారు కూడా కారణాలతో సహా చెప్పగలరు.

ఏటేటా సముద్రం:
నిస్సంకోచంగా వెళ్లండి. టెక్సస్ నుంచి ఫ్లోరిడా కొస వరకూ ఉన్న అంత పొడవైన తీరంలో మీరు దిగిన చోటికే, మీరున్న నాలుగు రోజుల్లోనే హరికేన్ రావడమనేది జరగరానిది కాదు గానీ, తరచుగా జరిగేదీ కాదు. పైగా ఇది భూకంపంలాగా చెప్పకుండా వచ్చేది కాదు. జాతీయ హరికేన్ కేంద్రం రాబోయే ఏడు రోజుల్లో ఎక్కడ వాయుగుండం ఏర్పడే అవకాశముందో ముందుగానే పటం వేసి చూపిస్తుంది. తుఫాను గాలులు మొదలవుతాయనుకునే సమయానికి సుమారు 48 గంటల ముందు తొలి హెచ్చరిక, 36 గంటల ముందు గట్టి హెచ్చరిక ఇస్తుంది. మీరు ఆరు గంటల్లో ఇంట్లో ఉంటారు. మేము ఐదు సెప్టెంబర్లు వెళ్లాం, ఒక్కసారే రద్దు చేసుకున్నాం. ఆ నెలలో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, ఇసుక మీద మనుషులు పలచగా ఉంటారు, పెద్దవాళ్లకు అంతకంటె ఏం కావాలి? దోమల మందు మాత్రం మరచిపోకండి. సాయంత్రం పూట కంటికి ఆనని పురుగులు కుట్టే మంటకు హరికేనే నయమనిపిస్తుంది.

విశాఖ నుంచి వచ్చినవాణ్ణి:
పైన రాసినవారి లెక్క తప్పని అనను గాని, అది సంవత్సరమంతటికీ సరిపోయే లెక్క. హరికేన్ కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకూ అని చెప్పినా, అందులో శిఖరం సెప్టెంబరు 10 ప్రాంతం. మీరు వెళ్తానంటున్నదీ ఆ నెలలోనే. గల్ఫ్ షోర్స్ సంగతే చూడండి: 2004 సెప్టెంబరు 16న ఐవన్ అనే హరికేన్ అక్కడే తీరం దాటింది, పదహారేళ్ల తరువాత 2020లో అదే సెప్టెంబరు 16న శాలీ కూడా అక్కడే తీరం దాటింది.

ఇక ముందస్తు హెచ్చరిక అంటారా, 2018లో మైకేల్‌కు పేరు పెట్టింది అక్టోబరు 7న. 10వ తేదీ మధ్యాహ్నానికి అది గంటకు 160 మైళ్ల గాలితో ఫ్లోరిడాలోని మెక్సికో బీచ్ దగ్గర ఒడ్డెక్కింది. పేరు విన్న మూడో రోజుకే ఊళ్లు లేవు. ఆ పక్కనే ఉన్న సెయింట్ జోసెఫ్ ద్వీపకల్పాన్ని సముద్రం కోసేసింది.

ఇంకొక మాట. హరికేన్ ఒకటో రకమా ఐదో రకమా అన్న కొలమానం గాలి వేగాన్నే చెబుతుంది, నీటి సంగతి చెప్పదు. తెలుగువాళ్లకు ఇది వేరే వివరించనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో ప్రాణాలు తీసింది ప్రధానంగా ఉప్పెనే. 2014లో హుద్‌హుద్ మా ఊరిమీదుగా దాటినప్పుడు ఇంట్లో కూర్చుని కిటికీ రెక్క ఊడిపోవడం చూసినవాణ్ణి. నేనైతే చెక్క క్యాబిన్‌లో ఉండను.

ఫోలీ దారిలో చిక్కుకున్నవారు:
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే అసలు చిక్కు గాలిలోనూ లేదు, తేదీలోనూ లేదు, అది మనం కట్టిన డబ్బులో ఉందని నాకు అనుభవం మీద తెలిసింది. 2020 సెప్టెంబరు 12, శనివారం నాడు మేము అదే తీరంలో ఒక ప్రైవేటు క్యాబిన్‌లో దిగాం. సరిగ్గా ఆ రోజే శాలీకి పేరు పెట్టారు. అంచనాలన్నీ లూయిజియానా, మిసిసిపీల వైపు చూపిస్తున్నాయి గనుక యజమాని ఫోనులో "ఇటు రాదండీ, నిశ్చింతగా ఉండండి" అన్నాడు. మేమూ నమ్మాం. ఎందుకు నమ్మామంటే, నమ్మితే డబ్బు దండగ కాదు కాబట్టి. అధికారులు ఖాళీ చేయమని ఆదేశిస్తే తప్ప డబ్బు వాపసు లేదన్నది ఒప్పందంలో ఉన్న మాట. మేము సంతకం చేసేటప్పుడు దాన్ని చదివాం కూడా, అర్థం చేసుకోలేదంతే.

ఆదివారమంతా పటంలోని ఆ గరాటు బొమ్మను చూస్తూ, మేము దానికి కాస్త పక్కగా ఉన్నామని తృప్తి పడుతూ గడిపాం. ఆ గరాటు తుఫాను కేంద్రం వెళ్లగల దారిని మాత్రమే చూపుతుందనీ, ఆ కేంద్రమైనా సుమారు మూడు సార్లలో రెండు సార్లే దానిలోపల ఉంటుందనీ, వాన, గాలి, ఉప్పెన దాని హద్దులు పాటించవనీ తరువాత తెలిసింది. సోమవారం ఉదయానికి అంచనా దారి తూర్పుకు జరిగింది. శాలీ మనిషి నడిచే వేగానికి దిగిపోయింది. అంత నెమ్మదిగా కదిలే తుఫాను ఎటు తిరుగుతుందో చెప్పడం కష్టం, అది ఎక్కడ ఆగితే అక్కడ కుండపోతే. మా అత్తగారికి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి. కరెంటు పోతే ఎన్ని గంటలు ఆగుతుందన్న ప్రశ్న వచ్చిన తరువాత గానీ మేము కదలలేదు. కుక్కరులో సగం ఉడికిన పప్పును అలాగే మూతపెట్టి డిక్కీలో సర్దాం. ఆ ఊరు ఉన్నది లంకలాంటి నేల మీద. ఉత్తరానికి వెళ్లాలంటే కాలువ మీది వంతెనలలో ఒకటి ఎక్కాల్సిందే, అందరికీ అదే దారి. ఉత్తరాన ఉన్న ఫోలీ అనే ఊరు చేరేసరికి పప్పు పులిసిపోయింది. బుధవారం తెల్లవారుజామున శాలీ గంటకు నూరు మైళ్లకు పైబడిన గాలులతో తీరం దాటింది.

సోమవారం నాటికి అక్కడ ఖాళీ చేయమన్న ఆదేశం మాకు వర్తించలేదన్నారు గనుక పైసా రాలేదు. కాబట్టి నేను అడిగేది ఒక్కటే: మీరు కడుతున్న అద్దెను, చూపుకైనా అందని మబ్బు కోసం, ఆకాశం నీలంగా ఉన్న రోజున వదిలేసుకుని రాగలరా? రాలేనంత మొత్తమైతే ఆ క్యాబిన్ తీసుకోకండి.

బీమా పత్రం చదివేవారు:
పై అనుభవానికి ఒక చేర్పు. ప్రయాణ బీమా తుఫానుకు పేరు పెట్టక ముందే తీసుకోవాలి; పేరు పెట్టాక అది తెలిసిన ప్రమాదం కింద లెక్క, ఆ తరువాత కొన్న పాలసీ ఆ తుఫానుకు పనిచేయదు. మామూలు పాలసీలో "భయం వేసి వెళ్లలేదు" అన్నది కారణంగా చెల్లదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే వీలుండే పాలసీ వేరు, ధర ఎక్కువ. అందులోనూ సాధారణంగా 50 నుంచి 75 శాతమే తిరిగి వస్తుంది, మొదటి అడ్వాన్సు కట్టిన రెండు మూడు వారాల్లోపే తీసుకోవాలి. తక్కువ అద్దె తక్కువగానే ఉంటుందా అన్నది ఇవన్నీ కలిపాక చూడండి.

ఏటేటా సముద్రం:
ఒప్పందం చదవని తప్పును నెల మీద రుద్దడం న్యాయం కాదు. ప్రైవేటు యజమానుల జోలికి పోకుండా గల్ఫ్ స్టేట్ పార్కులోని క్యాబిన్లు చూడవచ్చు కదా. సముద్రపు ఒడ్డున కాదు, లోపల షెల్బీ సరస్సు పక్కన, చెట్ల మధ్య ఉంటాయి. తుఫాను వస్తుందంటే పార్కును మూసేసేది వాళ్లే, మనం వాదించనక్కరలేదు. సరస్సులో మొసళ్లుంటాయి, పిల్లలను నీళ్ల అంచుకు పోనివ్వకూడదు, అది వేరే సంగతి.

ఈత నేర్పేవాణ్ణి:
అందరూ తీరం దాటడం గురించే మాట్లాడుతున్నారు. మీ నాలుగు రోజుల్లో అంతకంటె జరిగే అవకాశమున్నది వేరే: తుఫాను ఐదారువందల మైళ్ల దూరంలో ఉన్నా, ఇక్కడ ఎండ కాస్తూనే ఉన్నా, ఒడ్డు నుంచి లోపలికి ఈడ్చుకుపోయే ప్రవాహాలు బలపడతాయి. మోకాలి లోతులో నిలబడ్డ తాతగారి కాళ్ల కింది ఇసుకను అలలు తోడేస్తాయి. జెండాలు చూసుకోండి. ఎరుపు ఒకటైతే నీళ్లు ప్రమాదం, రెండు ఎర్ర జెండాలైతే నీళ్లలోకి దిగడమే నిషేధం. ఆరుగంటలు కారు నడుపుకుని వచ్చాం కదా అని దిగేవాళ్లను చాలామందిని చూశాను.

కొండలే మేలు:
ఇంత గొడవ ఎందుకు, నార్త్ కరొలినా కొండల్లో క్యాబిన్ తీసుకోండి.

విశాఖ నుంచి వచ్చినవాణ్ణి:
2024 సెప్టెంబరు చివర హెలీన్ హరికేన్ ఫ్లోరిడాలో తీరం దాటితే, దాని వానలకు మునిగింది మీరన్న ఆ కొండల్లోని ఆష్‌విల్ ప్రాంతమే.

అట్లాంటా ఆరుగురం:
అందరికీ ధన్యవాదాలు. పార్కు క్యాబిన్ వైపే మొగ్గాను. ప్రయాణం శుక్రవారం, ఆ ముందు సోమవారం రాత్రి ఏడు రోజుల పటంలో గల్ఫ్‌లో గానీ దాని ముఖద్వారంలో గానీ అల్పపీడనం గుర్తు కనిపిస్తే వెళ్లం, రద్దు రుసుము ఎంతైనా కట్టేస్తాం. నాన్నగారి మందులు, ఐసు పెట్టె, నిండు ట్యాంకు మొదటి రోజు నుంచే కారులో ఉంటాయి.

ఏటేటా సముద్రం:
ఆ నియమం పెట్టుకుంటే సెప్టెంబరులో సగం సార్లు మీరు ఇల్లు కదలరు. గుర్తు పడ్డ ప్రతి అల్పపీడనమూ హరికేన్ కాదు.

అట్లాంటా ఆరుగురం:
ఈ మాట మా ఆవిడకు చదివి వినిపించాను. అయితే కదలం అంది. సోమవారం రాత్రి పటం చూసేది తనేనట, నన్ను ఆ గదిలో ఉండవద్దంది.