కదలకుండా ఉంచిన జైరోస్కోప్ రీడింగుల నుంచి యాదృచ్ఛిక దోషాలను విడదీయడం ఎలా?

ప్రశ్న:
తిరిగే వేగాన్ని కొలిచే జైరోస్కోప్ ఉన్న ఎంపీయూ-6050 సెన్సర్‌ను బల్ల మీద కదలకుండా ఉంచి, సెకనుకు 100 చొప్పున రెండు గంటల పాటు రీడింగులు నమోదు చేశాను. వాటి ప్రామాణిక విచలనం ఒక్కదాన్నే కాల్మన్ ఫిల్టర్‌కు (దోషాలున్న రీడింగుల నుంచి అసలు విలువను అంచనా వేసే పద్ధతి) ఇస్తే, కోణం నేను లెక్కవేసిన దానికన్నా చాలా ఎక్కువగా పక్కకు జరుగుతోంది. అలన్ విచలనం (ఎంతసేపటి రీడింగులకు సగటు తీస్తే దోషం ఎంత మిగులుతుందో చూపే కొలత) గీసి చూస్తే రేఖ మొదట దిగి, 100 సెకన్ల దగ్గర చదునై, ఆ తరువాత పైకి లేస్తోంది. ఆ లేచే భాగాన్ని రేట్ రాండమ్ వాక్ (రీడింగు యాదృచ్ఛికంగా అటూ ఇటూ జరుగుతూ పోవడం) అనుకోవచ్చా?

జవాబు:
ప్రామాణిక విచలనం క్షణక్షణం మారే నాయిస్‌నూ, నెమ్మదిగా జరిగే బయాస్‌నూ (కదలకపోయినా సున్నా చూపకుండా వచ్చే తేడా) ఒకే గాటన కట్టేస్తుంది కనుక మీ ఫిల్టర్ దారి తప్పింది. డేవిడ్ అలన్ 1966లో పరమాణు గడియారాల విషయంలో ఎదుర్కొన్న చిక్కు కూడా ఇలాంటిదే: కొన్ని రకాల నాయిస్‌కు, రికార్డు పొడవు పెరిగే కొద్దీ మామూలు వేరియన్స్ ఒకచోట నిలవదు. అందుకే ఆయన రికార్డును సమాన ముక్కలు చేసి, పక్కపక్క ముక్కల సగటుల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకున్నారు.

లాగ్-లాగ్ గ్రాఫ్‌లో (రెండు అక్షాలూ లాగరిథమ్ కొలతలో ఉన్నది) వాలు మైనస్ అర ఉన్న గీత మీద 1 సెకను దగ్గరి విలువ చదవండి. అది సెకనుకు 0.006 డిగ్రీలైతే, 60తో గుణించగా 0.36 వస్తుంది, అంటే గంటసేపు ఇంటిగ్రేట్ చేసినప్పుడు వైట్ నాయిస్ (ఆ క్షణక్షణం మారే నాయిస్) ఒక్కదానివల్లే కోణంలో 0.36 డిగ్రీల ప్రామాణిక విచలనం ఏర్పడుతుంది. చదును భాగంలోని కనిష్ఠాన్ని 0.664తో భాగిస్తే బయాస్ అస్థిరత, అంటే బయాస్ ఎంతమేర నిలకడ లేకుండా మారుతోందో తెలుస్తుంది.

మరొక జవాబు:
పైకి లేచే భాగాన్ని చూడగానే నమ్మకండి. వాలు ప్లస్ అర ఉంటే రేట్ రాండమ్ వాక్ అనుకోవచ్చు గానీ, ఒకటికి దగ్గరగా ఉంటే అది ఒకే దిశలో సాగే డ్రిఫ్ట్. నా అనుభవంలో దాని వెనుక ఎక్కువగా చిప్ వేడెక్కడమే ఉంటుంది. ఆ చిప్‌లోనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది కాబట్టి దాని రీడింగునూ కలిపి నమోదు చేయండి. పైగా రెండు గంటల రికార్డులో 1000 సెకన్ల ముక్కలు ఏడే వస్తాయి. అక్కడ మీ అంచనాలోనే సుమారు 28 శాతం అనిశ్చితి ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపారా? దాని కంపనం రేఖలో చిన్న మూపురంలా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
వాలు 0.9 వచ్చిందండీ. మళ్లీ నమోదు చేసి చూస్తే మొదటి 25 నిమిషాల్లో చిప్ ఉష్ణోగ్రత 4 డిగ్రీలు పెరిగింది. ఆ భాగాన్ని తీసేయగానే రేఖ తోక చాలావరకు కిందికి దిగింది. ఫ్యాన్ సంగతి మాత్రం నాకు తట్టనే లేదు. ఈ రాత్రి దాన్ని ఆపి, ఆరు గంటల పాటు నమోదు చేస్తాను.