పక్కింటామెను కాపాడటానికి అమ్మ ఆడిన అబద్ధం పాపమేనా?

హన్మకొండ నుంచి:
మాది బాప్టిస్టు సంఘం. పోయిన వారం రాత్రి పక్కింటామె, మొగుడు తాగొచ్చి కొడుతుంటే చంటిదాన్ని చంకనేసుకుని మా ఇంట్లోకి ఉరికొచ్చింది. అమ్మ వాళ్లిద్దర్నీ వంటింట్లో గ్యాస్ బండ పక్కన కూర్చోబెట్టి తలుపేసింది. ఆయన కట్టె పట్టుకుని గడప దగ్గరికొచ్చి అడిగితే "ఇటు రాలేదు బిడ్డా, పోయి పండుకో" అంది. పోయాడు. అప్పట్నుంచి అమ్మకు ఒకటే టెన్షన్, ప్రార్థన చేసే నోటితో అబద్ధమాడిన అని. వచ్చే ఆదివారం ప్రభు బల్ల (యేసు జ్ఞాపకంగా గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) తీసుకోనంటోంది. నాకైతే అమ్మ చేసింది రైటే. కానీ పరిస్థితిని బట్టి ఆజ్ఞ మారుతుందంటే ఇక ఆగేదెక్కడ?

కాజీపేట నుంచి:
మేం ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. తొలినాళ్ల క్రైస్తవ పండితుడు అగస్టీన్ గారైతే ప్రాణం కాపాడటానికైనా అబద్ధం కూడదన్నారు. 13వ శతాబ్దంలో కాథలిక్ పండితుడు థామస్ అక్వినాస్ కూడా అబద్ధం పాపమేనన్నారు గానీ, చెడు చేయడానికి ఆడేది వేరు, ఒకరిని కాపాడటానికి ఆడేది వేరు, రెండోది చావైన పాపం (ఆత్మను దేవునికి దూరం చేసే ఘోర పాపం) కాదన్నారు. మా లెక్కన చూసినా అమ్మ బల్లకు దూరంగా ఉండాల్సిన పని లేదు.

వరంగల్, పీజీ స్టూడెంట్:
అమెరికాలో ఎపిస్కోపల్ గురువు జోసెఫ్ ఫ్లెచర్ 1966లో రాసింది ఇదే కదా, ఎప్పుడూ మారనిది ప్రేమ ఒక్కటే, మిగతా నియమాలన్నీ దాని కిందే అని. ఆ లెక్కన అమ్మది పాపమే కాదు.

జనగామ, సండే స్కూల్ టీచర్:
తమ్ముడూ, ఫ్లెచర్ దారి నాకు భయం. చెల్లెతో ఇంకేదో కాగితమని చెప్పి పొలం మీద సంతకం పెట్టించుకున్న అన్న కూడా "దాని మంచికే" అంటాడు. మేలు కోసం కీడు చేద్దామనే మాటను పౌలు రోమా 3:8లో కొట్టిపారేశాడు. అలాగని అమ్మను తప్పుపట్టను. నిర్గమకాండం 1 చదవండి, మగపిల్లల్ని చంపమన్న ఐగుప్తు రాజు ఫరోకు మంత్రసానులు షిఫ్రా, పూయా సాకు చెప్పి తప్పించుకుంటే దేవుడు వాళ్లకు మేలు చేశాడు. మత్తయి 23:23లో యేసే న్యాయం, కనికరం, విశ్వాసం ధర్మశాస్త్రంలో ప్రధానమైనవన్నాడు. అంటే ఆజ్ఞ ఎక్కడిదక్కడే ఉంది, ఆ రాత్రి అంతకన్నా బరువైన ఆజ్ఞ అమ్మ ముందుకొచ్చింది, ఆమె దానికి లోబడింది.

కాజీపేట నుంచి:
అక్కా, ఇశ్రాయేలు వేగులవాళ్లను ఇంట్లో దాచి, రాజు మనుషులకు అబద్ధం చెప్పిన రాహాబు విషయంలో హెబ్రీ 11:31, యాకోబు 2:25 మెచ్చుకున్నది వాళ్లను చేర్చుకున్నందుకు. అబద్ధాన్ని మెచ్చుకున్నట్టు ఎక్కడా లేదు.

జనగామ:
నిజమే, అందుకే అబద్ధాన్ని అలవాటు చేసుకోమని నేనూ చెప్పను. కానీ దాచిపెట్టి కాపాడినామెను దేవుడు విశ్వాసుల లిస్టులో చేర్చాడు, అది అమ్మకు చదివి వినిపించండి.

హన్మకొండ నుంచి:
వినిపించాను. కొంచెం తేలికపడింది, బల్ల సంగతి ఆదివారం చూద్దామంది. "మళ్లీ వస్తే ఏం చెప్పాలె?" అని అడుగుతోంది.

జనగామ:
ఈసారి తలుపు తీయకుండా "ఉంది, పంపను" అనమనండి. మీరు వెంటనే 100కు ఫోన్ చేయండి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబర్ పక్కింటామెకు ఇప్పుడే ఇవ్వండి.